మార్కులకు మరమ్మతు

ఆవకాయ జాడీలకు వాసెన కట్టే రోజులు వచ్చేసరికి మన ఇళ్ళలో ఇంకొక పని మొదలవుతుంది. అది పిల్లల మార్కులు లెక్కపెట్టుకోవడం. ముందు ఇంటర్మీడియెట్ ఫలితాలు వస్తాయి. ఆ వెనకనే నీట్ ఫలితాలు వస్తాయి. ఎక్కువ వచ్చినవాళ్ళ ఇంట్లో మిఠాయిలు పంచుతారు. తక్కువ వచ్చినవాళ్ళ ఇంట్లో భోజనాల వేళ ఎవరూ మాట్లాడరు. నాకు ఉత్తరాలు వచ్చేది ఎక్కువగా ఈ రెండవ రకం ఇళ్ళనుంచే.

ఈమారు వచ్చినవాటిలో మూడు ఉత్తరాలు పక్కన పెట్టుకున్నాను. మూడూ మన హైటెక్ సిటీ చుట్టుపక్కలనుంచి వచ్చినవే.

కొండాపూర్ నుంచి ఒక తల్లి ఇలా రాశారు: “అక్కయ్యగారూ! మా అమ్మాయి బైపీసీ. మొదటి సంవత్సరం ఫిజిక్సు తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కింది. మొత్తంమీద మార్కులు అంతంత మాత్రం. నీట్‌లో 720కి 214 వచ్చాయి. అయినా డాక్టరే అవుతానంటుంది. వాళ్ళ నాన్నగారు ‘పునాది లేని మేడ’ అంటున్నారు. నన్ను ఎవరి మాట వినమంటారు?”

రెండవ ఉత్తరం మియాపూర్‌లో వున్న ఒక తండ్రిగారిది. కొడుకు రెండుసార్లు లాంగ్‌టర్మ్ చదివాడు. మూడవసారి ఫీజు కట్టడమా, మానడమా అని ఆయన సందేహం. మూడవది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 28 ఏళ్ళ యువకుడిది. ఎంపీసీ చదివి ఇంజనీరయ్యాడు. “నాకు మొదటినుంచీ వైద్యమంటేనే ఇష్టం. ఇప్పుడు మొదలుపెడితే నలుగురూ నవ్వుతారా?” అని అడిగాడు.

నేను తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని. వైద్యశాస్త్రంతో నాకున్న పరిచయం జ్వరం వచ్చినప్పటి పరిచయమే. అయితే ఇరవై ఏళ్ళుగా బైపీసీ పిల్లల తరగతికి వెళ్ళి వస్తున్నాను కనుక, ఎవరు ఎక్కడ పడ్డారో, పడ్డవాళ్ళు ఎలా లేచారో కొంత చూశాను. చూసినంతవరకు చెబుతాను.

మాదాపూర్ గురించి బయట ఊళ్ళవాళ్ళకు తెలిసింది ఒక సంగతే. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తరువాత గాజుమేడలు లేచాయి. 2019లో మెట్రో రైలు కూడా ఆ గుమ్మం దాకా వచ్చింది. కాని ఆ గాజుమేడల వెనక, అయ్యప్ప సొసైటీ సందుల్లోకి నాలుగడుగులు వేసి చూడండి. ఒకదాని పక్కన ఒకటి కోచింగ్ కాలేజీలూ, వాటి హాస్టళ్ళూ. బాల్కనీల నిండా ఆరేసిన తువ్వాళ్ళు. ఆదివారం వచ్చిందంటే గేటు దగ్గర తల్లులు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని నిలబడివుంటారు. పక్క రోడ్డుమీద ఉద్యోగస్థులు రాత్రి షిఫ్టుకు దిగే వేళకు, ఇక్కడ పిల్లలు స్టడీ అవర్‌కు వరసలో నడుస్తూ వుంటారు. అందులో చాలామంది ఒకసారి పరీక్ష రాసి, మార్కులు చాలక, సంవత్సరం ఆగి మళ్ళీ చదువుతున్నవాళ్ళు. పాత మార్కులకు మరమ్మతు చేసుకుంటున్నారన్నమాట.

ఇల్లు మరమ్మతు చేయించేటప్పుడు మేస్త్రీ ముందుగా ఏం చేస్తాడు? గోడ తట్టి చూస్తాడు. పైపూత పెచ్చు వూడిందా, లోపల ఇటుకే కదిలిందా, లేక అడుగున పునాది కుంగిందా అని చూస్తాడు. మార్కుల విషయంలో మాత్రం మనం గోడ తట్టకుండానే సున్నం బకెట్టు తెచ్చేస్తాం. నా అభ్యంతరమంతా అక్కడే.

మొట్టమొదట తేల్చుకోవలసింది, ఆ మార్కు నిజమైన మార్కేనా అని. నవ్వకండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు జరిగింది చాలామందికి గుర్తు వుండే వుంటుంది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. కాగితం తిరిగి చూస్తే ఆమెకు రావలసినవి 99. తెలుగు పాఠం చెప్పేదాన్ని కనుక ఆ సున్నా నేను మరిచిపోలేను. ఆ ఏడు తప్పినవారందరి కాగితాలూ ప్రభుత్వం తిరిగి చూపించింది. అలా చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. కాని ఆ లోపలే, ఆ తప్పుడు ఫలితాలు చూసి మనసు విరిగిన పిల్లలు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. అందుచేత అనుకున్నదానికంటే మరీ తక్కువ వచ్చినప్పుడు, పిల్లను తిట్టడానికి నోరు తెరిచే ముందు, రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టండి. దానికి గడువు కొద్దిరోజులే వుంటుంది. తప్పిన సబ్జెక్టుకు సప్లిమెంటరీ వుండనే వుంది. మొదటి సంవత్సరం పాసైనా మార్కులు చాలవనుకున్నవారికి ఇంప్రూవ్‌మెంట్ వుంది.

తక్కువ మార్కులే కాదు, ఎక్కువ మార్కులు కూడా ఒక్కొక్కప్పుడు అబద్ధం చెబుతాయి. రెండవ భాషగా తెలుగు వదిలి సంస్కృతం తీసుకునే పిల్లలు మన కాలేజీల్లో కొల్లలు. కాళిదాసు మీద మక్కువతో కాదు, మార్కులు ధారాళంగా పడతాయని. నూటికి 98 తెచ్చుకున్న అబ్బాయిని ఒక శ్లోకం చదవమంటే సిగ్గుతో తల వంచుకుంటాడు. మార్కు వేరు, చదువు వేరు అని వాడికీ తెలుసు, మనకీ తెలుసు.

ఇక రెండవ సంగతి. ఇంటర్‌లో తక్కువ వచ్చినంత మాత్రాన వైద్య కళాశాల తలుపు మూసుకుపోతుందా? మూసుకుపోదు. ఒకప్పుడు వెనకటి పరీక్ష మార్కులే సీటు తేల్చేవి. 1986లో ఎంసెట్ వచ్చింది. ఆ ఎంసెట్‌లో కూడా చివరి రోజుల్లో ఇంటర్ మార్కులకు నూటికి 25 వంతులు లెక్కకట్టేవారు. 2017 నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంబీబీఎస్‌కు నీట్ ర్యాంకే లెక్క. ఫిజిక్సు, కెమిస్ట్రీ, జీవశాస్త్రం, ఇంగ్లీషు పాసై వుండాలి. ఆ శాస్త్రాలు మూడింటిలో కలిపి నూటికి 50, రిజర్వేషను వర్గాలకు 40 వుండాలన్న నియమం కూడా చాలాకాలం నడిచింది. ఇటువంటి నియమాలు మారుతూ వుంటాయి కనుక, ఏ ఏడు దరఖాస్తు పెడుతున్నారో ఆ ఏటి ప్రకటన స్వయంగా చదువుకోవాలి. పక్కింటివారి మాట నమ్ముకోకూడదు. అర్హత అంటూ వున్న తరువాత, మీ అమ్మాయికి ఇంటర్‌లో 60 వచ్చాయా, 95 వచ్చాయా అని ర్యాంకు వేసేటప్పుడు ఎవరూ అడగరు. నీట్‌లో ఇద్దరికి సమానంగా వచ్చినా ముందు చూసేది అందులోని జీవశాస్త్రం మార్కులనే.

ఇది ఎంత పెద్ద దయో, అమెరికాలో వున్న మన బంధువులను అడిగితే తెలుస్తుంది. ఈ హైటెక్ సిటీలో అమెరికాలో అన్నో చెల్లెలో లేని ఇల్లు వెతికినా దొరకదు కదా! అక్కడ ముందు డిగ్రీ చదివి, తరువాత వైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టాలి. డిగ్రీలో ఒక సబ్జెక్టు పాడుచేసుకుని మళ్ళీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా, పాత గ్రేడు చెరిగిపోదు. రెండూ సగటులో కలుస్తాయి. ఆస్టియోపతీ కళాశాలలవారు మాత్రం కొత్త గ్రేడునే లెక్కలోకి తీసుకునేవారు. 2017లో వారూ ఆ పద్ధతి మానుకున్నారు. అందుకని అక్కడి పిల్లలు డిగ్రీ అయిన తరువాత కూడా ఏడాదీ రెండేళ్ళూ శాస్త్ర పాఠాలు చదివి, పాత సగటును అంగుళం అంగుళం పైకి లాక్కుంటారు. మన పద్ధతిలో నిన్నటి పలక తుడిచేసి కొత్త పలక చేతికిస్తారు.

పలక తుడిచే పద్ధతి లేని రోజుల్లో కూడా లేచి నిలబడ్డవారు మనలో వున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో పాసయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడికి కోపం వచ్చింది. చివరకు ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్. ఆ కాగితంతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకక, ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. ఆ తరువాత అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరీ చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి, శరీరంలోని కండరాలు పని చెయ్యడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో తేల్చిన పరిశోధనలో భాగస్వామి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే మందు ఆయన నడిపిన పరిశోధనశాలనుంచి వచ్చినవే. మెట్రిక్ తప్పినవాడని ఈ మందు మింగేవాళ్ళెవరూ అడగరు.

అయితే ఒక మాట. మూడుసార్లు పరీక్ష రాసినవారందరూ సుబ్బారావుగార్లు కారు. ఆయన పేరు చెప్పి పిల్లవాణ్ణి నాలుగవ లాంగ్‌టర్మ్‌కు పంపడం ఆయనకూ న్యాయం కాదు, పిల్లవాడికీ న్యాయం కాదు.

ఎందుకంటే, పలక తుడిచే ఆ దయలోనే ఒక చిక్కు కూడా వున్నది. నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు. గరిష్ఠ వయస్సు నిబంధన 2022లో ఎత్తివేశారు. తలుపు ఎప్పటికీ మూయరు. వినడానికి ఎంతో బాగుంది. కాని మూయని తలుపు ముందు మనిషి ఎంతకాలమైనా నిలబడిపోతాడు. “ఇక చాలు, ఇంటికి వెళ్ళు” అని చెప్పేవారు వుండరు. పరీక్ష పెట్టేవారు చెప్పరు. ఫీజు తీసుకునేవారు అసలే చెప్పరు. ఆ మాట ఇంట్లోనే ఎవరో ఒకరు, సమయానికి, ప్రేమగా చెప్పాలి.

నేనెరిగిన ఒక అబ్బాయి నాలుగుసార్లు లాంగ్‌టర్మ్ చదివాడు. నాలుగేళ్ళూ ఒకే హాస్టలు, అవే పాఠాలు, అదే టైంటేబులు. మార్కులు 340, 352, 347, 351. ఆ అంకెలు పక్కపక్కన రాసి చూస్తే అక్షరాలు రానివాళ్ళకు కూడా సంగతి అర్థమవుతుంది. ఇంట్లో ఎవరూ అలా రాసి చూడలేదు. ఏటికేడు “ఈసారి వస్తుందిలే” అనుకున్నారు. ఐదవ ఏట అతను తనంతట తానే కళ్ళ పరీక్షకు సంబంధించిన ఆప్టోమెట్రీ డిగ్రీలో చేరాడు. ఇప్పుడు ఒక కంటి ఆసుపత్రిలో పని చేస్తున్నాడు, సంతోషంగానే వున్నాడు. మొన్న కనిపించినప్పుడు, “రెండవ ఏడే ఆపేసి వుంటే ఈపాటికి పై చదువు కూడా అయిపోయేది మేడమ్” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. లెక్క మాత్రమే వున్నది.

ఇంకొక అమ్మాయి కథ కూడా చెప్పాలి. మొదటి ఉత్తరం రాసిన సోదరి ముఖ్యంగా ఇది చదవాలి. ఈమెకూ ఇంటర్‌లో ఫిజిక్సు మొదటి సంవత్సరం తప్పింది. 2020లో నీట్ రాస్తే 210 వచ్చాయి. కరోనా రోజులు. హాస్టళ్ళు మూసేశారు, పిల్లలంతా ఇంటిపట్టునే వున్నారు. వాళ్ళ అపార్ట్‌మెంటులో పై అంతస్తున ఒక రిటైరైన లెక్కల మేష్టారు వుండేవారు. వాళ్ళమ్మ వెళ్ళి, “బాబాయిగారూ, మా పిల్లకు ఫిజిక్సు ఎందుకు రాదో కొంచెం చూసిపెట్టండి” అని అడిగింది. ఆయన ఫిజిక్సు పుస్తకం తెరవనే లేదు. “అమ్మా, 0.02ని 0.5తో భాగించు” అన్నారు. అమ్మాయి కాగితం వంక చూస్తూ కూర్చుంది. ఇంటర్ రెండు సంవత్సరాలూ సూత్రాలన్నీ కంఠతా పట్టిన పిల్ల! సూత్రం దగ్గర కాదు, సూత్రంలో అంకెలు వేసిన తరువాత చిక్కుకుపోతున్నది. ఏడవ తరగతిలో కదిలిన ఇటుక అది. పన్నెండవ తరగతి గోడ ఎన్నిసార్లు పూసినా నిలవకపోవడంలో వింత లేదు.

మేష్టారు నలభై రోజులు వరండాలో దూరంగా కుర్చీ వేసుకుని దశాంశాలు, ఘాతాలు, నిష్పత్తులు, గ్రాఫులు చెప్పారు. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఏడవ తరగతి లెక్కలు! మొదట్లో ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. తరువాత తరువాత తనే ఇంకా చెప్పమని అడగసాగింది. మరుసటి ఏడు 372 వచ్చాయి, సీటు రాలేదు. కాని అంకె కదిలింది. ఇంకొక ఏడు ఆగారు. 2022లో 501 వచ్చి, ఆ సంవత్సరం తెలంగాణ జిల్లాల్లో కొత్తగా తెరిచిన ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఒకదానిలో సీటు వచ్చింది.

అబ్బాయి నాలుగేళ్ళు చదివాడు, అమ్మాయి రెండేళ్ళు చదివింది. తేడా తెలివిలో లేదని నా నమ్మకం. అమ్మాయి గోడను ఒకరు తట్టి చూశారు. అబ్బాయి గోడను ఎవరూ తట్టలేదు.

తట్టి చూడడానికి అందరికీ పై అంతస్తున మేష్టారు దొరకరు, నిజమే. కాని ఇంట్లోనే చెయ్యగలిగిన పనులు కొన్ని వున్నాయి. నీట్‌లో 180 ప్రశ్నలు. ఫిజిక్సు 45, కెమిస్ట్రీ 45, జీవశాస్త్రం 90. అంటే సగం మార్కులు జీవశాస్త్రానివే. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఇప్పుడు ఒక పిల్లవాడు 180 ప్రశ్నలూ విడవకుండా రాసి, 100 ఒప్పు, 80 తప్పు చేశాడనుకోండి. 400లోనుంచి 80 పోను 320. ఆ తప్పుల్లో 40 బొత్తిగా తెలియక గుడ్డిగా పెట్టినవైతే, వాటిని వదిలేసినా చాలు, 360 వచ్చేవి. కొత్తగా ఒక్క పాఠం చదవకుండానే 40 మార్కులు! అందుచేత పరీక్ష అయిన తరువాత తప్పులను మూడు కుప్పలు పొయ్యాలి. తెలియక తప్పినవి, తెలిసీ తొందరలో తప్పినవి, గుడ్డిగా పెట్టినవి. ఏ కుప్ప పెద్దదో చూస్తే ఏ మందు కావాలో తెలుస్తుంది. మొదటి కుప్పకు పాఠం కావాలి. రెండవదానికి అభ్యాసం కావాలి. మూడవదానికి నిగ్రహం కావాలి. మూడింటికీ ఒకే లాంగ్‌టర్మ్ పొయ్యడం, ఎవరికే జబ్బు చేసినా ఒకే కషాయం ఇచ్చినట్లు.

ఇంకొక మాట కూడా చేర్చాలి. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు. తెలుగులో శాస్త్రం చదువుకున్న పల్లెటూరి పిల్లలకు ఇది తెలియకపోతే చెప్పండి. ఇంగ్లీషు అర్థం కాక పోగొట్టుకున్న మార్కును శాస్త్రం రాక పోగొట్టుకున్నదిగా మనం లెక్కకట్టకూడదు.

‘క్వాలిఫై’ అన్న మాట విషయంలో చాలా ఇళ్ళలో పొరపాటు పడుతున్నారు. 2025లో 720కి 144 వచ్చిన జనరల్ అభ్యర్థి కూడా అర్హుడే. ఆ ఏడు సుమారు 22 లక్షలమంది రాస్తే 12 లక్షల పైచిలుకు అర్హులయ్యారు. దేశం మొత్తంమీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల ప్రాంతం. అర్హత అంటే పెళ్ళికి శుభలేఖ అందడంలాంటిది. పంక్తిలో విస్తరి వేశారని దానికి అర్థం కాదు. ఈ తేడా తెలియని తండ్రులకే, “అర్హత వచ్చింది కదండీ, విదేశంలో సీటు ఇప్పిస్తాం” అనే దళారులు తగులుతారు. విదేశాల్లో చదివి మంచి డాక్టర్లయినవారు లేకపోలేదు. కాని తిరిగి వచ్చి ఇక్కడ వైద్యం చెయ్యాలంటే 300 ప్రశ్నల పరీక్షలో 150 తెచ్చుకోవాలి. ఆ పరీక్షలో పాసయ్యేవారికంటే తప్పేవారే చాలా ఎక్కువ. 2021 నవంబరు నిబంధనల ప్రకారం చదువు కనీసం 54 నెలలు, ఇంగ్లీషు మాధ్యమంలో, ఒకే సంస్థలో సాగాలి. అక్కడ ఒక ఏడు, ఇక్కడ ఒక ఏడు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. పునాది కుంగిన గోడను ఇంకొక దేశానికి తీసుకుపోయినంత మాత్రాన అది నిలబడదు.

పిల్లలు ఇంకా పదవ తరగతిలో వున్న తల్లులకు ఒక హెచ్చరిక. తెలంగాణలో స్థానిక కోటా కావాలంటే అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్ళు వరసగా ఈ రాష్ట్రంలోనే చదివి వుండాలని 2024లో నిబంధన పెట్టారు. 2025లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. కొందరికి మినహాయింపులు వున్నాయి. “బెజవాడలో బాగా రుద్దుతారట” అని ఇంటర్‌కు అక్కడికి పంపబోయే ముందు ఈ సంగతి విచారించుకోండి.

ఇక గచ్చిబౌలి యువకుడికి. నాయనా! నవ్వేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు, వారి సంగతి వదిలెయ్యి. దారి వున్నదా అంటే వున్నది. వయస్సు అడ్డం లేదు. ఇంటర్‌లో జీవశాస్త్రం చదవనివారు తరువాత దాన్ని అదనపు సబ్జెక్టుగా గుర్తింపు వున్న బోర్డు ద్వారా పాసై నీట్ రాయవచ్చునని జాతీయ వైద్య కమిషన్‌వారు 2023 నవంబరులో ప్రకటించారు. కాని లెక్క కూడా వేసుకో. జీవశాస్త్రానికీ నీట్‌కూ రెండేళ్ళు, ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడు. నీకు ముప్పై అయిదు దాటుతుంది. అప్పటికి ఇంట్లో నీ జీతం మీద ఆధారపడేవారెవరు? వారితో మాట్లాడావా? రాజీనామా కాగితం రాయడానికి ముందు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పుస్తకాలు కొనుక్కో. ఆరు నెలలు తెల్లవారుజామున లేచి చదువు. ఆ ఆరు నెలలూ చదువు నిన్ను లేపితే, ముందుకు వెళ్ళు. అలారమే నిన్ను లేపవలసి వస్తే, అది వైద్యం మీది ఇష్టమా, ఉన్న ఉద్యోగం మీది విసుగా అని ఆలోచించుకో. రెండూ వేరు వేరు జబ్బులు.

మియాపూర్ తండ్రిగారికి నా సలహా చిన్నది. ఫీజు కట్టే ముందు మీ అబ్బాయి రెండు సంవత్సరాల మార్కులూ, సబ్జెక్టులవారీగా, పక్కపక్కన ఒక కాగితం మీద రాయండి. అంకె కదిలిందా? కదిలితే ఎక్కడ కదిలింది? కదలని చోట ఈ ఏడు కొత్తగా ఏం చెయ్యబోతున్నారు? ఈ చివరి ప్రశ్నకు మీ అబ్బాయి తన నోటితో జవాబు చెప్పగలిగితే ఇంకొక ఏడు ఇవ్వండి. “ఈసారి గట్టిగా చదువుతా” అన్నది జవాబు కాదు. అది మొక్కుబడి. ఆ ఏటితో ముగింపు అని కూడా ముందుగానే, ఇద్దరూ కూర్చుని, ఒప్పుకోండి. ముగిసిన తరువాత పట్టబోయే రెండవ దారి ఏదో అదే కాగితం మీద రాసుకోండి. దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియో, నర్సింగు, ఫిజియోథెరపీ, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ, పశువైద్యం. వీటిని “ఏదీ రానివాడి చదువులు” అని ఇంట్లో అనకండి. రేపు మీ అబ్బాయి వాటిలోనే చేరవచ్చు. ఆ మాట వాడి చెవిలో వుండిపోతుంది.

కొండాపూర్ సోదరీ! మీ వారు చెప్పిన మేడ మాట నిజమే. కాని పునాది లేకపోతే మేడ కట్టకూడదనే కాదు, ముందు పునాది వెయ్యవచ్చునని కూడా ఆ మాటకు అర్థం వుంది. మీ అమ్మాయికి పందొమ్మిదేళ్ళు కూడా నిండివుండవు. 214 అన్నది ఆమె తెలివికి వేసిన వెల కాదు. ఎక్కడో ఒక ఇటుక కదిలిందని చెప్పిన చీటీ. ఏ ఇటుకో వెతకండి. కావలసివస్తే ఏడవ తరగతి పుస్తకం దాకా దిగండి, అందులో నామోషీ లేదు. ఒక ఏడు ఇచ్చి చూడండి. అంకె కదిలితే ఇంకొక ఏడు.

ఆ సంవత్సరంలో ఇంట్లో పాటించవలసినవి రెండే. చుట్టాలు వచ్చినప్పుడు “మా అమ్మాయి ఈ ఏడు ఖాళీ” అనకండి. ఖాళీ కాదు, ఆ పిల్ల అందరికంటే ఎక్కువ పని చేస్తున్నది. “నీకోసం ఎంత ఖర్చు పెట్టామో తెలుసా” అని అన్నం ముందు అనకండి. తెలుసు. అందుకే నిద్రపట్టక చదువుతున్నది. పిల్ల ముభావంగా వుండి, తిండి తగ్గి, “నావల్ల మీకు కష్టం” అన్న మాట పదే పదే అంటూ వుంటే, పుస్తకం మూసి దగ్గర కూర్చోండి. డాక్టరుకు చూపించడానికి వెనుకాడకండి. 14416 అనే టెలీమానస్ నంబరుకు ఏ వేళ ఫోను చేసినా మాట్లాడేవారున్నారు, డబ్బు తీసుకోరు. పరీక్ష మళ్ళీ వచ్చే ఏడు వస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మనల్ని ఏమడుగుతాడు? “ఎక్కడ నొప్పి? ఎప్పటినుంచి?” అని అడుగుతాడు. తరువాతే మందు రాస్తాడు. డాక్టరు కాదలచుకున్న పిల్లలకు మనమూ ఆ రెండు ప్రశ్నలే వేద్దాం. మార్కులెన్ని అన్న ప్రశ్న వెయ్యడానికి ఊరంతా వుంది.